గాలి సందు

"ఎండలు మండిపోతున్నాయి మావయ్యా. పెట్టెలకేం చెయ్యమంటారు?"

కోడలి గొంతు వినగానే ముసలాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆ ఫోన్ మోగి పది రోజులైంది.

"ఏం చేస్తావా? మూత కాస్త ఎత్తి నాలుగు మూలలా బొటనవేలంత పుల్లలు పెట్టు. కింద గుమ్మం బార్లా తియ్యి. తేనెటీగలు బయటికొచ్చి గుమ్మం కింద గడ్డంలా వేలాడుతున్నాయా?"

"ఆ... వేలాడుతున్నాయి."

"చూశావా! లోపల ఉడికిపోతున్నాయన్నమాట. పక్కనే పళ్లెంలో నీళ్లు పెట్టు. అవే లోపలికి మోసుకెళ్లి, రెక్కలతో విసురుకుని చల్లబరుచుకుంటాయి. మనకన్నా వెయ్యి రెట్లు నయం."

"అలాగే. మీరు భోంచేశారా?"

"ఆఁ, చేస్తాలే," అన్నాడు. ఫోన్ పెట్టేశాక నిజంగానే లేచి స్టవ్ వెలిగించాడు. లేకపోతే ఆ పూటా మంచినీళ్లతోనే సరిపెట్టేవాడు.

ముప్ఫై ఏళ్లు తేనెటీగలు పెంచిన మనిషాయన. మోకాళ్లు మొరాయించాక ఆరు పెట్టెలూ కొడుకు చేతిలో పెట్టి, బస్సులో మూడు గంటల దూరాన, ఆస్పత్రికి దగ్గరగా ఒక గది తీసుకున్నాడు. కిందటి చలికాలం ఆ కొడుకు కాస్తా లారీ కింద పడి పోయాడు. కన్నవాణ్ణి సాగనంపి వచ్చిన తండ్రికి మళ్లీ ఆ ఇంటి గడప తొక్కడానికి కాళ్లు రాలేదు. ఆ పెట్టెలు బతికుంటే వాడు కాస్తయినా మిగిలినట్టే అనుకున్నాడు. అంతకు మించి ఆయనకి ఇంకే ఆశా లేదు.

వాటిని కూడా చేతులారా పోగొట్టుకునేవాడే. కొడుకు పోయిన వారానికి కోడలు మొదటిసారి ఫోన్ చేసి, చలి బాగా ఉంది, పెట్టెలకేం చెయ్యాలని అడిగింది. ఆయన మతి ఆయన దగ్గర ఉంటేగా! "అన్నీ మూసెయ్. గుమ్మాలకి మట్టి మెత్తు. పైన ప్లాస్టిక్ పట్టా చుట్టు. గాలన్నది చొరబడకూడదు," అన్నాడు. నాలుగో రోజు ముఖం కడుక్కుంటుంటే తనేమన్నాడో గుర్తొచ్చింది. తడిచేతులతోనే ఫోన్ తీశాడు.

"అమ్మాయ్, తెరువు! అన్నీ తెరిచెయ్! చలి వాటినేం చెయ్యదు, ఊపిరాడకే చస్తాయి!"

"కంగారుపడకండి మావయ్యా. తెరిచేశాను. బాగానే ఉన్నాయి."

"బతికించావు తల్లీ," అంటూ నేల మీద చతికిలబడి భోరుమన్నాడు. కొడుకు పోయాక ఆయన ఏడవడం అదే మొదలు.

అప్పట్నించీ వారం పది రోజులకోసారి ఫోన్ వస్తూనే ఉంది. ఎండాకాలం చివర ఒక తేనె సీసా కూడా వచ్చింది. వేలితో తీసి నాలిక్కి రాసుకున్నాడు. రుచి కాస్త తేడాగా ఉంది. ఈ ఏడు పూత మారిందేమోలే అనుకుని, రోజుకో చెంచా చొప్పున పొదుపుగా తిన్నాడు.

వానలు పట్టుకున్నాక, "పెట్టె వెనకవైపు కింద పెంకు ముక్క పెట్టి ముందుకి వంచు. నీళ్లు లోపల నిలవకుండా జారిపోతాయి," అని చెప్పాడు. చెప్పిందే నాలుగుసార్లు చెప్పాడు. కోడలు నాలుగుసార్లూ కొత్తగా విన్నట్టే విన్నది.

మళ్లీ చలి వచ్చింది.

"గుమ్మం రెండు వేళ్ల వెడల్పుకి తగ్గించు. పైన గాలి సందు మాత్రం మూశావో, ఊరుకోను! వాటి ఊపిరి ఆవిరై పైకి పోవాలి. దారి లేకపోతే మూతకి పట్టి, చెమ్మంతా వాటి నెత్తినే కారుతుంది."

"మూయను మావయ్యా," అంది కోడలు. గొంతు జీరబోయింది. "ఇంకెప్పుడూ మూయను."

పిచ్చిపిల్ల, ఇంకా కుదుటపడలేదు అనుకున్నాడు. కొడుకు పోయి ఏడాది కావస్తోంది. ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే బస్సెక్కాడు. చెప్పకుండా వెళ్లి ఆ పిల్లకి ధైర్యం చెప్పాలని, ఈగల్ని కళ్లారా చూసుకోవాలని ఆయన ఆరాటం.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. ఇంట్లోకి వెళ్లే ధైర్యం చాలక, పక్క సందులోంచి నేరుగా పెరట్లోకి నడిచాడు. ఆరు పెట్టెలూ వరసగా ఉన్నాయి. గుమ్మాలు సరిగ్గా రెండు వేళ్ల వెడల్పున్నాయి. వెనక పెంకు ముక్కలున్నాయి. పైన సందులు తెరిచే ఉన్నాయి. చెప్పింది చెప్పినట్టు చేసిందే అని మురిసిపోతూ మొదటి పెట్టెకి చెవి ఆనించాడు. చప్పుడు లేదు. రెండోదానికీ లేదు. మూత ఎత్తాడు. లోపల బూజు, ఎండి నల్లబడ్డ తేనెపట్టు.

అలికిడికి పరుగెత్తుకొచ్చిన కోడలి మీద విరుచుకుపడ్డాడు.

"ఏం చేశావే వీటిని? వాడు ప్రాణంలా పెంచుకున్నాడే! నిన్ను నమ్మానే!"

"నాదే తప్పు మావయ్యా. నాకు చేతకాలేదు."

"మరి బాగున్నాయన్నావు? తేనె కూడా పంపావు?"

"షాపులో కొన్నాను. ఈగలు లేవంటే మీరింక ఫోన్ ఎత్తరేమోనని, తిండి కూడా మానేస్తారేమోనని భయమేసింది."

"ఎప్పుడు పోయాయి?"

"ఎప్పుడో పోయాయి. వదిలెయ్యండి మావయ్యా, లోపలికి రండి. అన్నం పెడతాను."

"వాడి మీద ఒట్టేసి చెప్పు. ఎప్పుడు?"

మొగుడి మీద ఒట్టేసి అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాలేదు.

"మీరు తెరవమని ఫోన్ చేసేసరికే, మావయ్యా."