సకినాల పిండి

"కరెంటు గిట్ల పెడతరా డాక్టరమ్మా? ముందే చెప్పండి. మా ఇంటామె తట్టుకోలేదు," అన్నాడు వామన్‌రావు.

మానసిక వైద్యురాలు డాక్టర్ యూనీస్ నవ్వింది. ఆబిడ్స్‌లో ఎస్టీడీ బూత్ పక్క మెట్లెక్కితే ఆమె గది. కింద ఆటోల హారన్లు, పైన కిర్రుమనే ఫ్యాను. అంతకుమించి భయపెట్టే సామానేదీ అక్కడ లేదు.

"కరెంటూ లేదు, సూదీ లేదు. జరిగింది మీరు చెప్పాలి, నేను వినాలి. ఒక్కసారి కాదు, మళ్ళీ మళ్ళీ. మొదట్లో బాధ ఇంకా పెరిగినట్టుంటుంది, భయపడి మానెయ్యొద్దు. కొంచెం కుదుటపడ్డాక, జరిగిన చోటికే వెళ్ళి నిలబడాలి."

"నుమాయిష్‌కా?" వామన్‌రావు కుర్చీలోంచి సగం లేచాడు. "ఆమెతోని కాదు."

"ఐతది," అంది కమల. "కానీ ఈయన నా పక్కన కూసోవాలె. లేకుంటే నేను రాను."

భార్య బాగుపడుతుందంటే ఏం చెయ్యమన్నా చేసేవాడే వామన్‌రావు. బషీర్‌బాగ్‌లో గుమాస్తాగిరీ, కాచిగూడలో కిరాయి ఇల్లు, మధ్యలో కమల గురించిన ఫికరు. ఊరికి పోవాలన్నా నాంపల్లి స్టేషన్ గడప తొక్కడు, కమల కోసమే. పాపం, ఆమెకు రాత్రిళ్ళు నిద్ర కూడా లేదు. ఆయన ఎప్పుడు ఉలిక్కిపడి లేచినా దీపం వేసి, మంచినీళ్ళ చెంబు పట్టుకుని కూర్చునే ఉంటుంది.

వాళ్ళకు ఒక్కతే కూతురు, మనస్విని. కొన్నేళ్ళ కింద, నాంపల్లిలో ఏటా జనవరిలో పెట్టే నుమాయిష్ ఎగ్జిబిషన్ జనంలో చెయ్యి జారి, గేటు దాటి రోడ్డు మీదికి పరుగెత్తి, లారీ కింద పడింది. ఆ వెంటనే వామన్‌రావు ఒళ్ళు తెలియని జ్వరంతో మంచాన పడ్డాడు. తెలివొచ్చాక మొట్టమొదట అడిగిన మాట, "పిల్ల చెయ్యి ఎందుకిడిసినవు కమలా?"

కమల చాలాసేపు ఆయన మొహమే చూసింది. "తప్పయింది," అంది.

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇంకో మగాడైతే జన్మంతా దెప్పిపొడిచేవాడు, తాను క్షమించాడు. తనలో ఆ మంచితనం ఉన్నందుకు లోలోపల కొంచెం తృప్తి కూడా పడ్డాడు.

"ఆ రోజు తలుచుకుంటే ముందు ఏం గుర్తొస్తుంది కమలగారూ?" అంది యూనీస్.

కమల కళ్ళు మూసుకుంది. "చేతులకు పిండి. సకినాల పిండి. పండుగ దగ్గరపడ్డది గద. మనూకు జడ నేనే వేసిన. పసుపుపచ్చ గౌను, ఎర్ర గాజులు. నా చేతి పిండి దాని చెంపకంటింది."

"నుమాయిష్‌లో?"

కమల కళ్ళు తెరిచింది. "మిర్చి బజ్జీ తిన్నది. మంట మంట అని ఏడ్సింది. మూతి తుడ్వనీకి జేబులకెల్లి దస్తీ తీసిన. గప్పుడే చెయ్యి ఇడిసిన."

యూనీస్ కలం ఆగింది. ఏదో అడగబోయి, కమల చూపు చూసి మానుకుంది.

"మైకుల పేరు పిలిచిన్రు," అంది కమల.

"ముందు తప్పు పిలిచిన్రు," అన్నాడు వామన్‌రావు. "మానసి అని. మనస్విని అని నేను మొత్తుకుంటే గప్పుడు సరిచేసిన్రు."

అంటూనే చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. దస్తీ పెట్టుకునే అలవాటు ఆయనకు ఎప్పుడో పోయింది.

అలా వారం వారం వచ్చారు. డాక్టరమ్మ ఊపిరి మెల్లగా పీల్చి వదలమంటే, కమలకు తోడుగా వామన్‌రావు కూడా పీల్చి వదిలాడు. ప్రతిసారీ కమల అదే కథ చెప్పింది, ప్రతిసారీ ఆయన ఏదో ఒకటి సరిదిద్దాడు. రోజులు గడిచేకొద్దీ కమల కన్నా ఆయనే ఎక్కువ మాట్లాడసాగాడు.

జనవరి వచ్చింది. నుమాయిష్ మళ్ళీ తెరిచారు. ఒక సాయంత్రం డాక్టరమ్మ వెంట ఇద్దరూ నాంపల్లిలో గేటు ముందు నిలబడ్డారు. గిర్రున తిరిగే రంగుల దీపాలు, బూరల చప్పుడు, పిల్లల్ని భుజాలకెత్తుకున్న తండ్రులు.

"వణకకు కమలా, నేనున్న," అన్నాడు వామన్‌రావు, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని. వణికేది ఎవరి చెయ్యో ఆయనకు తెలియలేదు.

"ఔ," అంది కమల.

"ఆ రోజు ఎటు నడిచారో చూపించండి," అంది యూనీస్.

కమల అటూ ఇటూ చూసింది. కదల్లేదు.

"ఇటు, ఎడమ దిక్కు," అంటూ వామన్‌రావే దారితీశాడు. జనంలోంచి తోసుకుంటూ వెళ్ళి ఒక మూల ఆగాడు. నూనె కాగిన వాసన. "గీడనే బజ్జీల బండి. మనూ గిట్ల నిలబడ్డది."

కమల కొంగు ముడి విప్పి, మడతపెట్టిన ఆయన పాత దస్తీ తీసి ఆయన అరచేతిలోనే పెట్టింది. ఉతక్కుండా దాచిన దాని మీద కారపు మరక ఇంకా ఎర్రగానే ఉంది.

"మీరు ఎటున్నారు? కమలగారు ఎటున్నారు?" యూనీస్ మెల్లగా అడిగింది.

"నేను గీడ. మనూ నాకు ఎడమ దిక్కు..." ఎడమ అరచేతిలో ఎర్ర గాజులు ఒత్తుకున్నట్టయింది. కుడి చెయ్యి తనంతట తానే జేబు మీదికి పోయింది. జ్ఞాపకంలోనే పాపకు అవతలివైపు చూశాడు, వెనక చూశాడు, బండికి అవతల చూశాడు. ఆనాటి సాయంత్రమంతా కమల కోసం వెదికాడు.

"కమలా," అడిగాడు. "గప్పుడు నువ్వు ఎటున్నవు?"

ఇన్నేళ్ళుగా ఆపుకున్న ఏడుపు కమలకు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"ఇంట్ల సకినాలు చుడుతున్న," అంది.