నిమ్మపసుపు ముక్క

“ఇదేం రంగు, అబీలియో గారూ?”

గ్రాసిండా సంతలో పాతబట్టల గుట్టలోంచి ఒక పరదా ముక్క లాగి ఆయన చేతికిచ్చింది.

“ఆకుపచ్చ.”

“ఏ ఆకుపచ్చ? క్యాబేజీదా, ఆలివ్‌దా?”

ఆయన గుడ్డను వెలుతురుకు పట్టి చూశాడు. నలభై ఏళ్లు పోర్తో నగరంలో ట్రాము నడిపినవాడికి ఎరుపంటే ఆగడం, ఆకుపచ్చంటే కదలడం. అంతకు మించి రంగులతో పని పడలేదు. చివరికి, వాన వెలిశాక రాతిమెట్ల మీద కనిపించే పాచిలా ఉందన్నాడు. గ్రాసిండా వెంటనే బేరమాడి కొనేసింది.

భార్య జుల్మీరా పోయాక అబీలియో రెండేళ్లు ఇల్లు కదల్లేదు. కిటికీ తలుపులు కూడా తెరవలేదు. బ్రాగాలో ఉండే కూతురు నతేర్సియా రోజూ ఫోన్‌ చేసి బతిమాలినా లాభం లేకపోయింది. ఫిబ్రవరిలో ఒకరోజు కింది వాటాలో ఉండే గ్రాసిండా తలుపు తట్టింది. ఒకరికి కృతజ్ఞతగా అతుకుల సంచి కుట్టాలనుకున్నాననీ, కళ్లకు మసక కమ్మిందనీ, శనివారం సంతలో రంగులు చెప్పే మనిషి కావాలనీ అడిగింది. ఆయన గొణిగాడు. అయినా కళ్లు సరిగ్గా లేని మనిషిని కాదనడానికి నోరు రాక, బూట్లు తొడుక్కున్నాడు.

అప్పటినుంచి ప్రతి శనివారం సంతే. పాత పరుపు గలీబులు, నావికుడి చొక్కా, ఎవరిదో పెళ్లినాటి బల్లగుడ్డ, ఒక్కొక్కటే ఇల్లు చేరాయి. సాయంత్రాలు ఆయన ఆమె బల్ల దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చేవాడు. ఆమె క్యాబేజీ చారు, మొక్కజొన్న రొట్టె పెట్టేది. మీరు లేకపోతే ఈ సంచే లేదని రోజుకోసారైనా అనేది. ఆయన పైకి విసుక్కున్నా, గిన్నె ఖాళీ చేసేవాడు.

మే నెల వచ్చేసరికి సంచి మూతకు ఒక్క ముక్క తక్కువైంది. నిమ్మపసుపుది. మూడు శనివారాలు వెతికారు, దొరకలేదు.

నాలుగో వారం అబీలియో ఒక గౌను తెచ్చి బల్ల మీద పెట్టాడు. గ్రాసిండా దాన్ని తడిమి, ఎప్పటిలాగే రంగు అడిగింది. ఆయన గౌను మడత విప్పి వెలుతురుకు పట్టాడు.

“పసుపు. ఎండపడ్డ నిమ్మపండు పసుపు. చిన్న చిన్న తెల్లపూలున్నాయి. ఎడమచేతి మీద కాఫీ మరక. నేను ఒలికించిందే. జుల్మీరా నన్ను వారం రోజులు తిట్టింది.”

“బీరువా తెరిచారా?”

“తెరిచాను. ఇంకా చాలా ఉన్నాయి. ఒక్కటి పోతే ఆవిడేం అనుకోదులే.”

గౌను ఆయనే కత్తిరించాడు. గీత వంకరపోయింది. గ్రాసిండా ఆ వంకరను అలాగే ఉంచి కుట్టింది. సంచి పూర్తయ్యాక ఆయన చేతిలో పెట్టి, ఇది నతేర్సియాకి ఇవ్వండి అంది. మరి మీరు కృతజ్ఞతగా ఇవ్వాలనుకున్న మనిషో అని ఆయన అడిగితే, వాళ్లకి ఇంకోటి కుడదాం, మళ్లీ శనివారం రండి అంది.

జూన్‌లో సెయింట్‌ జాన్‌ పండుగకు నతేర్సియా బ్రాగా నుంచి వచ్చింది. సంచి మూత మీద వాళ్లమ్మ గౌను గుర్తుపట్టి, ముఖానికి అదుముకుని ఏడ్చింది. అబీలియో కూతురి తల నిమిరి, వీధి చివర సార్డీన్‌ చేపలు కాలుస్తున్నారు, తెస్తానని మెట్లు దిగిపోయాడు. తనంతట తాను.

నతేర్సియా గ్రాసిండా రెండు చేతులూ పట్టుకుంది. రెండేళ్లు తను చెయ్యలేనిది ఆవిడ ఎలా చేసిందో తెలియడం లేదంది.

“మా ఊళ్లో మంచి కళ్ల డాక్టరున్నాడు, పిన్నీ. అరగంటలో ఆపరేషన్‌ అయిపోతుందట. మీరు నాన్నకు చేసినదానికి నన్ను ఇదొక్కటీ చెయ్యనివ్వండి.”

గ్రాసిండా అబీలియో ఇంటి మూడో అంతస్తు కిటికీలోంచి వీధి చివరికి చూసింది. చేపల పొయ్యి ముందు గుంపులో అబీలియో ఎవరితోనో మాట్లాడుతూ నవ్వుతున్నాడు.

“చొక్కా మూడో గుండీ రెండో కాజాలో పెట్టుకున్నాడు చూడు మీ నాన్న,” అంది.

నతేర్సియా కళ్లు చికిలించి చూసింది. ఆమెకు చొక్కా రంగు తప్ప ఏమీ కనిపించలేదు. అయోమయంగా వెనక్కి తిరిగింది.

“నా కళ్లకేమీ కాలేదమ్మా, ఆయనకు చెప్పకు.”