ఎర్రచీటీ పడిన కుర్చీ

“బాబాయ్, మేనేజరమ్మ నీ కుర్చీకి కూడా చీటీ అంటించేసింది!”

కుట్టుమిషన్ల దగ్గర్నుంచి ఓ అమ్మాయి కేకేసింది. ఆ గొడుగుల కార్ఖానాలో స్టోర్‌కీపర్ అందరికీ బాబాయే. రెండు చంకల్లో చెరో ఊచల కట్ట పెట్టుకుని పరుగెడుతున్నవాడల్లా ఆగిపోయాడు. తన కుర్చీ వీపున అరచెయ్యంత ఎర్రచీటీ!

కొత్త మేనేజరమ్మ ఏదో శిక్షణలో నేర్చుకొచ్చిన పద్ధతి అది. నెలరోజులుగా వాడని ప్రతి వస్తువుకీ ఎర్రచీటీ. వాడుతున్నట్టు శనివారంలోగా రుజువైతే చీటీ తీస్తారు, లేకపోతే వస్తువు బయటికే. విరిగిన నిచ్చెన, ముల్లు ఊడిన త్రాసు అప్పటికే వరసలో ఉన్నాయి. బాబాయ్ కుర్చీలో మాత్రం ఏడేళ్లుగా కూర్చున్నది ఎవరు? ఆయన క్యారేజీ డబ్బా.

కుర్చీనే తీసేస్తే మనిషిని ఉంచుతారా? బాబాయ్ ఆ సాయంత్రం ఇంటికెళ్లి భార్య దగ్గర గొల్లుమన్నాడు.

“వాడుతున్నట్టు చూపిస్తే వదిలేస్తారనేగా రూలు?” అందావిడ.

“అవును.”

“అయితే వాడండి. రేపట్నుంచి అందులోంచి లేచారంటే నా మీద ఒట్టే!”

మర్నాడు బాబాయ్ క్యారేజీని నేలమీద పెట్టి, కుర్చీలో కూర్చున్నాడు.

“బాబాయ్, నల్లగుడ్డ అయిపోయింది!”

“మూడో అరలో ఉంది. తీసుకో తల్లీ.”

“అదేంటి, రోజూ అడక్కముందే తెచ్చిచ్చేవాడివిగా?”

“ఈ వారం నాకు కూర్చునే పనుంది.”

మేనేజరమ్మ అటు వచ్చినప్పుడల్లా మరికాస్త వెనక్కి వాలి, ఆవిడ కంట పడేలా కూర్చునేవాడు. మొదటిరోజు ఆవిడ తెల్లబోయింది. రెండోరోజు, “ఒంట్లో బాగానే ఉందా?” అని అడిగింది.

“దివ్యంగా ఉందమ్మా. ఈ కుర్చీ లేందే నాకు పూట గడవదు.”

మూడోరోజు నుంచి ఏమీ అడగలేదు. చూసి, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్లిపోయేది. ఆవిడ రాసుకోవడం చూసి బాబాయ్ లోలోపల మురిసిపోయాడు. శుక్రవారానికి నడుం పట్టేసింది. అయినా పంతం వదల్లేదు.

శనివారం సాయంత్రం మేనేజరమ్మ వచ్చి, తన చేత్తోనే చీటీ పీకేసింది.

“వాడుతున్నారు. ఒప్పుకుంటున్నాను.”

“అంటే... నా ఉద్యోగం ఉన్నట్టేనా అమ్మా?” అడిగాడు బాబాయ్.

“మీ ఉద్యోగానికేమైందండీ? ఎప్పటిలాగే స్టోర్‌లోనే ఉంటారు.”

బాబాయ్‌కి కళ్లనీళ్లు తిరిగాయి. వారంలో మొదటిసారి ఆవిడ ఎదుట లేచి నిలబడ్డాడు. ప్రాణం కుదుటపడ్డాక అసలు సందేహం బయటికొచ్చింది.

“మరి దీనికి చీటీ ఎందుకు అంటించారమ్మా?”

మేనేజరమ్మ నిట్టూర్చింది.

“ఇందులో కూర్చోవడమే ఎరగని మనిషని, ఇవాళ మిమ్మల్ని కార్ఖానా అంతా తిరిగే సూపర్‌వైజర్‌ని చేద్దామనుకున్నానండీ.”