వీపు తిప్పిన విద్య

అడవి గాడిదలను మచ్చిక చేసే పెద్దమనిషి దొడ్లో వాటికి వీపు తిప్పి కూర్చున్నాడు. చూడకూడదు, పిలవకూడదు, నమ్మకం కుదిరితే అవే వస్తాయన్నది ఆయన విద్య.

భుజం మీద వెచ్చగా ఊపిరి తగిలింది.

"వచ్చావా, బంగారం? భయపడకు, నేనున్నాగా," అన్నాడు వెన్న పూసినట్టు.

"గాడిదలు ఆ మూలే ఉన్నాయి. నేను మీ ఆవిడనండీ."

కంచె అవతల పనివాళ్లు కిసుక్కున నవ్వారు.

"నువ్వా? ఏం కావాలి?" వెన్న కాస్తా గడ్డకట్టింది.

"అవి బెదరకూడదని చెవిలో చెబుదామని వంగాను. పుట్టింటికి వెళ్లిపోతున్నాను. పెళ్లయ్యాక మీ నోట బంగారం అన్న మాట వినడం ఇదే మొదలు."

"మెల్లగా మాట్లాడు, బెదురుతాయి."

ఆమె పెట్టె అందుకుంది. "బస్సొచ్చేదాకా గేటు దగ్గర మీకు వీపు తిప్పి కూర్చుంటాను. చూడను, పిలవను. నమ్మకం కుదిరితే మీరే రండి."