నలభయ్యో బల్ల

అమ్మ గదిలోని పాత కంప్యూటరు నిన్నటి నుంచి టక్కుటక్కుమంటోంది.

యోవాండ్రి దానికి చెవి ఆనించి విన్నాడు. ఆ వీధిలో పాడైన యంత్రాలన్నిటికీ అతనే వైద్యుడు.

"లోపల డిస్కు పోతోందక్కా. ఆదివారం దాటదు."

ఒడాలిస్ కంప్యూటరు మీద చెయ్యి వేసింది. అందులో ఉన్నది అమ్మ గొంతు.

అమ్మ ఎనేయిదా, కబైగ్వాన్ ఊళ్లోని చుట్టల ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు చదువరి. హాల్లో కార్మికులు చుట్టలు చుడుతుంటే ఎత్తు పీట మీద కూర్చుని నవలలు చదివి వినిపించడం ఆమె ఉద్యోగం. పింఛను పుచ్చుకున్నాకా ఆ తిక్క పోలేదు. రోజూ గదిలో ఒక్కతే కూర్చుని గంటసేపు చదివి, కంప్యూటరులో దాచేది. ఎవరికోసమమ్మా అని ఒడాలిస్ ఏనాడూ అడగలేదు.

మార్చిలో అమ్మ పోయింది. ఆ గొంతు వినే ధైర్యం కూతురికి ఇంకా రాలేదు.

తీగలు దూర్చే రంధ్రాలన్నీ ఏనాడో తుప్పుపట్టాయి. వైఫై మీదుగా ముందుగదిలోని లాప్‌టాప్‌కు లాగడమొక్కటే దారి. అదేమో ముప్పై గంటలు పడుతుందంటోంది. కరెంటుండేది రోజుకు ఐదు గంటలు. ఇవాళ గురువారం.

యోవాండ్రి రౌటరును ఫ్రిజ్ మీంచి తీసి గోడ అలమరలో పెట్టాడు. ఇనప కిటికీకి దూరం జరిపాడు. చానలు మార్చాడు. ముప్పై కాస్తా ఇరవయ్యారైంది. అక్కణ్ణుంచి కదల్లేదు.

చివరికి రౌటరు జాబితా తెరిచాడు.

"మీ రెండే కాదక్కా, మూడోది ఒకటుంది. పేరు చూడు, ‘బల్ల-40’ అట. ఎక్కడో దూరాన్నుంచి ఈడుస్తోంది. కాడిలో ఒక ఎద్దు కుంటితే రెండోదానిదీ కుంటినడకే."

ఒడాలిస్ చూపు వెనక గోడ మీదికి పోయింది.

గోడ అవతల ఎవెలియో. రెండేళ్ల కిందట మేనకోడలి ఇంట్లో దిగిన ముసలాడు, ఎప్పుడూ నల్లకళ్లద్దాలు. కరెంటొచ్చిన గంటకల్లా దేంతోనో గోడను టకటకా బాదుతాడు. ఎన్నిసార్లు తిట్టుకుందో.

స్టూలెక్కి తొంగిచూసింది. చెవిలో తీగ, ఒళ్లో చెక్కపలక, కాళ్ల దగ్గర పొగాకు బుట్ట.

"తాతా, మా వైఫై వాడేది నువ్వేనా?"

"నేనే తల్లీ. రోజుకొక గంట."

"ఎవర్నడిగి?"

ముసలాడు ముఖం గొంతు వినబడ్డ వైపు తిప్పాడు.

"నీకు తెలుసనుకున్నాను."

"తెలిసిందిగా ఇప్పుడు. సిగ్గేసి పెట్టుకున్నావా ఆ నల్లద్దాలు?"

ఆయన చెవిలో తీగ ఊడదీసి, వేలికి మెల్లగా చుట్టుకున్నాడు.

ఒడాలిస్ దిగొచ్చి యోవాండ్రి చేత ‘బల్ల-40’ని ఆపు చేయించింది. ఇరవయ్యారు గంటలు తొమ్మిదికి పడ్డాయి. శుక్రవారం సాయంత్రానికి అన్నీ చేరాయి. ఆదివారం పొద్దున డిస్కు ఆగిపోయింది.

గోడ చప్పుడూ ఆగింది. పీడ వదిలిందనుకుంది.

సాయంత్రం కాఫీ పోసుకుని, గుండె చిక్కబట్టుకుని అమ్మ ఆఖరి చదువు తెరిచింది.

"నలభయ్యో బల్లా, వినబడుతోందా?"

కాఫీ కప్పు కింద పెట్టేసింది. ఇంకోటి తెరిచింది. అదే మాట. మరోటి తెరిచింది. అదే మాట.

ఒకదాన్ని చివరిదాకా విన్నది. అమ్మ పుస్తకం మూసింది. కానీ రికార్డింగు ఆపలేదు. దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు ఊపిరి వినబడుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది. చదువు నచ్చితే ఫ్యాక్టరీలో చప్పట్లు కొట్టరు. ఎవరి నంబరు బల్లను వాళ్లు ఆకు కోసే కత్తితో మోగిస్తారు. ఆ మోత ముందు జీతమెంతే అనేది అమ్మ.

ఒడాలిస్ సందు చుట్టి పరిగెత్తింది. మేనకోడలు మిగ్దాలియా తలుపు తీసింది.

"మావయ్యా? నిన్న కొడుకొచ్చి మొరోన్ ఊరికి తీసుకుపోయాడు. ఇన్నాళ్లూ పిలిస్తే కదిలేవాడు కాదు. నిన్న మాత్రం ‘హాలు మూసేశారే, ఇంకేం వింటాను’ అని తనే లేచాడు."

"తాతకి చూపు..."

"తెలీదా నీకు? కళ్లు పోయాయని ఫ్యాక్టరీ వాళ్లు పంపేస్తే, మీ అమ్మే కదా, ‘చెయ్యి ఆపకు, చదువు వైఫైలో నేను పంపుతా’నంది. ఇక చుట్టలు చుట్టడట. చదువరి కూతురికిమ్మని ఇది వదిలిపోయాడు."

పిడిలేని చిన్న కత్తి. వాడి వాడి అరిగింది.

అరచేతిలో తిప్పి చూసింది. ఆ ఉక్కు మీద మేకుతో గీసి ఉంది, 40 అని.