పడని తలుపు

మలుపుల్లో ఊగిపోతున్న పాత స్పోర్ట్స్ కారుకి, అడుగున అడ్డంగా ఇనుప రాడ్లు వెల్డింగ్ చేశారు గ్యారేజీ మేస్త్రీ, అతని అల్లుడూ. జాకీల మీంచి దించగానే ఓనరు ఆత్రంగా ఎక్కాడు. తలుపు ఎంత లాగినా పడలేదు.

"ఇదేంటి మేస్త్రీగారూ?"

మేస్త్రీ అల్లుడి మీద విరుచుకుపడ్డాడు. "గాల్లో ఉన్న బండి కాస్త ఒంగే ఉంటుంది. అలాగే వెల్డింగ్ చేస్తే ఆ వంకర ఉండిపోదూ? ఇక తలుపెలా పడుతుంది? ఆ మాత్రం తెలీదా?"

"తప్పయిపోయింది మామయ్యా," అన్నాడు అల్లుడు, చేతులు తుడుచుకుంటూ.

"ఇలాంటివాణ్ని ఎందుకు పెట్టుకున్నారండీ?" అన్నాడు ఓనరు.

"ఏం చేస్తాం, పిల్లనిచ్చుకున్నాం!"

మేస్త్రీ, ఓనరూ పగలబడి నవ్వారు.

అల్లుడు వెల్డింగ్ కోసే మిషను తీసుకుని మామ పక్కకొచ్చాడు. ఓనరుకు వినపడకుండా, గొంతు తగ్గించి అడిగాడు.

"ఈసారి బండిని చక్రాల మీద నిలబెట్టి చెయ్యనా మామయ్యా?"

మేస్త్రీ నవ్వు సగంలో ఆగిపోయింది. పొద్దున ఇదే మాట అడిగితే, "తాతకు దగ్గులు నేర్పకు, జాకీల మీదే కానిచ్చెయ్" అని కసిరింది తనే.

తల వంచుకుని "ఊఁ" అన్నాడు.

ఓనరు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.