సున్నా బెంచీ

“ఎనభై ప్రశ్నలకు సున్నానా! కండ్లు మూసుకొని దిద్దినా ఇరవై వస్తయి గదనే!”

లెక్కల సారు రాంప్రసాద్ ఓఎంఆర్ షీటును మానస మొహం మీదికి విసిరాడు. హన్మకొండలోని ఆ కాలేజీలో పోయిన వారం దాకా ఫస్టు ర్యాంకు మానసదే, ముందు బెంచీ మానసదే. అక్కడ ఆదివారం పరీక్ష, సోమవారం ర్యాంకుల ప్రకారం కూర్చోవడం. సున్నా వస్తే గోడ పక్కన చివరి బెంచీ. ఆ బెంచీ వాళ్లతో మిగతా పిల్లలు మాట్లాడకూడదు. మొద్దుతనం అంటుకుంటుందట! బాగుంది సంబడం.

సారు ఫోన్ చేస్తే మానస తండ్రి ఎల్లస్వామి ఎనుమాముల మార్కెట్లో మోస్తున్న మిర్చి బస్తా దించేసి ఉన్నపళంగా వచ్చాడు. అతని తువ్వాల ఘాటుకు ముందు బెంచీ అంతా తుమ్ముతోంది.

“ఏందే ఇది? నా ఇజ్జత్ తీస్తివి గద! ఫోన్లు గీన్లు పట్టినవా?”

మానస పుస్తకాలు సంచీలో సర్దుకుంటోంది.

“నోరు పడిపోయిందా? సారుకు జవాబు చెప్పు!”

సారు చివరి బెంచీ వైపు వేలు చూపించాడు. అక్కడ సబియా ఒక్కతే తల దించుకొని కూర్చుంది. “ఆ సబియా అంటే వాళ్లమ్మ సచ్చిపోయి నెలాయె, పెన్నే ముడ్తలేదు. అన్నీ సున్నాలే. నీకేం రోగం? ఇయ్యాల్నే టీసీ చేతుల పెడ్త, తీస్కపో!”

ఎల్లస్వామి కోపమంతా నీరుగారిపోయింది. “సారూ, మీ కాల్మొక్త, ఆ మాటనకున్రి. బిడ్డ ఆగమైతది” అంటూ వంగబోయాడు. మానస గబుక్కున తండ్రి రెక్క పట్టి లేపింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

కింద పడ్డ షీటు తీసిన సారు మళ్లీ చూసి ఆగిపోయాడు. ఎనభైకి ఎనభై దిద్దింది. పొరపాటునైనా ఒక్కటి సరైంది లేదు.

“అన్ని జవాబులు తెలిసినోళ్లే ఇన్ని తప్పులు పెట్టగల్గుతరు. కావాల్నని చేసినవా?”

“అవ్ సార్. కావాల్నే చేసిన.”

“ఎందుకే?” సారు బల్ల గుద్దాడు.

మానస సంచీ భుజానికేసుకొని విసవిసా చివరి బెంచీ దాకా నడిచింది. సబియా పక్కన కూర్చొని, ఆమె చెయ్యి పట్టుకొని, అప్పుడు జవాబు చెప్పింది.

“నెల సంది సబియాతోని ఒక్కరు మాట్లాడలే. సున్నా రాకుంటే మీరు నన్ను ఈడ కూసోనిస్తరా, సార్?”